స్టేజీ మీద నా పేరు మంజు

మా తమ్ముడు దానియేలు కూతురు కెజియా మొన్న మధ్యాహ్నం నా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీదే కూలబడింది. ఆ పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా కాఫీ హోటళ్ళలో మైకు పట్టుకుని నిలబడి జనాన్ని నవ్విస్తుంది. దాన్ని స్టాండప్ కామెడీ అంటారట. మేము కూడా ఆ రోజుల్లో నిలబడే నవ్వించాం, కాకపోతే దానికి ఇంగ్లీషు పేరు ఒకటుంటుందని మాకెవరూ చెప్పలేదు. శనివారం సాయంత్రం హనుమకొండలో ఒక బేకరీ మీది అంతస్తులో, సొంత ఊళ్ళో మొట్టమొదటి ప్రోగ్రాం ఆమెది. పోస్టరు మీద ఏ పేరు వేయాలో పొద్దుగూకేలోగా చెప్పమని అక్కడి కుర్రాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని, అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది.

"అత్తమ్మా, డాడీ నిన్నటి సంది అన్నం ముడుతలేడు" అంది. "నేను స్టేజి మీద పేరు మార్చుకుంట అన్న. గంతే. సొంత పేరు పెట్టుకుంటే పో, లేకుంటె స్టేజే ఎక్కకు అంటాండు. ఎందుకు డాడీ అంటె చెప్తలేడు. మీ అత్తమ్మను అడుగు పో అన్నడు."

పేరు మార్చుకోవాలనుకోవడానికి ఆ పిల్లకు కారణం లేకపోలేదు. మా ఇళ్ళల్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఎలా సాగుతుందో ఆమె ఒకసారి స్టేజీ మీద చెప్పింది. తండ్రి కళ్ళు మూసుకుని బంధువులందరినీ, వాళ్ళ పిల్లల్నీ, పిల్లల పరీక్షల్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్తుంటే, పొయ్యి మీద అన్నం అడుగంటుతున్నా ఆమెన్ వచ్చేదాకా ఎవరూ లేవకూడదు కదా, అదీ సంగతి. మా అందరి ఇళ్ళల్లోనూ మాడిన అన్నమే అది. ఎవరో ఆ ముక్కను ఫోన్లలోకి ఎక్కించారు. మా చర్చి సంఘం వాళ్ళు కొందరు ప్రార్థనను వెక్కిరిస్తావా అని తిట్టారు. మేమెవరో కూడా తెలియని వాళ్ళు ఇంకొందరు కెజియా అనే పేరు చూసి, మతాన్నీ పుట్టుకనీ కలిపి తిట్టారు. పిల్ల అడకత్తెరలో పోకచెక్క అయింది. అక్కడితో ఆగితే బాగుండేది. దానియేలుకు సైకిల్ సామాన్ల దుకాణం ఉంది. బోర్డు మీద ఫోన్ నంబరు ఉంది. అది ఎవరి కంట పడిందో, తమ్ముడికి కాల్స్ మొదలయ్యాయి.

"నన్ను తిడితే నేను బ్లాక్ చేసి పడేస్త అత్తమ్మా. డాడీకి అది రాదు. ఎవరు ఫోన్ చేసినా గిరాకీ అనుకుని ఎత్తుతడు. వాళ్ళు నా గురించి ఏమేమో అంటాంటె మొత్తం ఇంటడు. మధ్యల ఫోన్ పెట్టేసుడు మర్యాద కాదనుకుంటడు. ఆఖరికి, సరే బాబూ ఉంట అంటడు" అని చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. "మైరా అని పెట్టుకుంట. ఆ పేరుకు కులం లేదు, మతం లేదు, ఊరు లేదు. ఆ పేరు పట్టుకుని ఎవ్వరూ డాడీ దాకా రాలేరు. దాంట్ల తప్పేమున్నదో నువ్వన్న చెప్పు. నువ్వు గూడ ఎన్కట పేరు మార్చుకున్నవట గదా. ఏమైంది అప్పుడు?"

మా ఇంట్లో ఆ మాట ఇన్నేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు, దానియేలు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను లేచి పిల్లకు మంచినీళ్ళు ఇచ్చాను. రాత్రి వంటకని బియ్యం కడిగి పెట్టాను. కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను. చివరికి ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చెప్పాను. అప్పుడు చెప్పినదీ, చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మేము కొత్తవాడ చివర ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. చుట్టూ జంపఖానాలు నేసే ఇళ్ళు. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, సందు పొడుగునా కట్టెల మీద ఆరేసిన రంగు నూలు, దాని తడి వాసన. మా ఇంటి వాసన మాత్రం వేరు. మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి సీజన్ వచ్చిందంటే ఆయన సైకిల్ సందు మలుపు తిరగకముందే మా పక్కింటి నేతకారులు తుమ్మేవాళ్ళు. "యాకోబు వస్తాండు, తలుపులు పెట్టుండ్రి" అని నవ్వేవాళ్ళు. అమ్మ వాకిట్లో రెండు బకెట్ల నీళ్ళతో కాచుకుని ఉండేది. ఆయన బట్టలు మా బట్టలతో ఎన్నడూ కలిపి ఉతకలేదు. స్నానం చేసి, కొబ్బరినూనె పట్టించుకుని, శుభ్రమైన బనీను తొడుక్కున్నాక కూడా బాపు మమ్మల్ని చేతుల్తో ముట్టేవాడు కాదు. ఎంత కడిగినా వేళ్ళ సందుల్లో కారం మిగిలే ఉంటుందని ఆయన భయం. నాకు జ్వరం వస్తే మోచేతిని నుదుటికి ఆనించి చూసేవాడు. తండ్రి చెయ్యి నుదుటి మీద పడటం ఎలా ఉంటుందో నాకు తెలియదు, మోచెయ్యి ఎలా ఉంటుందో తెలుసు. ఆయన బైబిలు చదువుతుంటే పక్కన కూర్చుని పేజీలు నేను తిప్పేదాన్ని. ఆయన తిప్పితే ఆ పేజీ ముట్టుకున్నవాళ్ళ కళ్ళు మండుతాయని నాకా పని అప్పగించాడు.

సాయంత్రం ప్రార్థనకు ఆమెన్ పడగానే మా ఇంట్లో అసలు ఆట మొదలయ్యేది. బాపు మార్కెట్‌లో దగ్గే దగ్గులన్నీ దగ్గి చూపించేవాడు. సేటు దగ్గు ఒకటి. జేబురుమాలు అడ్డం పెట్టుకుని, ధర చెప్పబోయే ముందు సన్నగా రెండుసార్లు దగ్గుతాడు. ఆ దగ్గు వింటే చాలు, రైతుకు ధర పడిపోయిందని అర్థమైపోతుందట. తర్వాత రైతు దగ్గు. అది ధర విన్నాక వస్తుంది, ఒక పట్టాన ఆగదు. ఏడవడానికి సిగ్గుపడే మనిషికి అంతకంటే మంచి ఆసరా లేదని బాపు అనేవాడు. ఆఖరున హమాలీ దగ్గు. బస్తా వీపు మీద ఉన్నప్పుడే అది వస్తుంది. రెండు చేతులూ బస్తాను పట్టుకుని ఉంటాయి కాబట్టి నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి దొరకదు. మెడ ఒక్కటే ముందుకు చాచి, ఎదురొచ్చే వాళ్ళకు తగలకుండా దిక్కులు మార్చి మార్చి దగ్గాలి. బాపు ఆ మెడ తిప్పుతుంటే నేనూ దానియేలూ నేల మీద పడి దొర్లేవాళ్ళం. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని, "ప్రార్థన చేసిన నోటితోటి గీ వేషాలేంది" అంటూ అందరికంటే ఎక్కువ నవ్వేది.

ఆట దగ్గు ఎప్పుడు నిజం దగ్గు అయిందో మాకు తెలియలేదు. నవ్వులో నవ్వుగా కలిసిపోయింది. ఒక సీజన్‌లో బస్తా ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఆ దుమ్ములోకి పోవద్దని పెద్ద దవాఖాన డాక్టరు చెప్పాడు. పోకపోతే ఏం తినాలో చెప్పలేదు. బాపు మోత మానేసి, అదే మార్కెట్‌లో కూర్చుని దబ్బనంతో బస్తాల మూతులు కుట్టే పనికి కుదిరాడు. మోసేటప్పుడు ముక్కుకు బారెడు దూరంలో ఉండే మిర్చి, కుట్టేటప్పుడు సరిగ్గా ముక్కు కిందే ఉంటుంది. అమ్మకు అది తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా పొద్దున్నే సద్ది కట్టి పంపించేవాళ్ళం. మా ఇంట్లో అంత నిస్సహాయమైన రోజులు అంతకుముందు లేవు. రాత్రిళ్ళు ఆయన గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. అమ్మ ప్రార్థనల్లో మాటలు తగ్గిపోయి, ప్రభువా, ప్రభువా అన్న పిలుపు ఒక్కటే మిగిలింది.

అప్పుడే భాస్కర్ మాస్టారు మా ఇంటికి వచ్చాడు. ఆయనకు పెళ్ళిళ్ళలో పాటలు పాడే ఆర్కెస్ట్రా ఉండేది. పాటకూ పాటకూ మధ్య వాయించేవాళ్ళు టీ తాగేటప్పుడు జనం లేచి పోకుండా ఎవరో ఒకరు నవ్వించాలి. మా చర్చి క్రిస్మస్ కార్యక్రమంలో నేను ముసలి గొర్రెల కాపరి వేషం వేస్తే అందరూ పడీపడీ నవ్వారని ఆయన చెవిన పడింది. నన్ను వాకిట్లోనే దగ్గుల ఆట ఆడించి చూసి, ఆడపిల్ల ఇట్లా నవ్వించడం నేనెక్కడా చూడలేదు అన్నాడు. తర్వాత పేరు అడిగాడు. సువార్తమ్మ అని చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "నీ పేరు మైకుల చెప్తె జనం నవ్వరమ్మా, లేచి ప్రార్థనకు నిలవడుతరు. మంజు అని పెడుదాం" అన్నాడు. అలా మా వాకిట్లో, బకెట్ల పక్కన, నాకు ఇంకో పేరు వచ్చింది.

ఆ పేరు మాకు కూడా అవసరమే అయింది. బాపు మా చిన్న సంఘంలో పెద్ద. సంఘపెద్ద కూతురే సినిమా పాటల స్టేజీ ఎక్కిందని తెలిస్తే, ఆయన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టేవాళ్ళు. నెలకోసారి ఆ రొట్టె ముక్క, ఆ ద్రాక్షరసం కోసం ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చునేవాడు. ఆయనకు మిగిలిన గౌరవం అదొక్కటే. దాన్ని కూడా పోగొట్టి ఆయన్ని బతికించుకుని ఏం లాభం అని అమ్మ భయపడింది. నన్నూ దానియేలునూ కూర్చోబెట్టింది. ఒట్టు పెట్టుకోవద్దని వాక్యంలో ఉంది కాబట్టి మా ఇంట్లో ఒట్లు ఉండవు. ఒట్టుకు బదులు అమ్మ ప్రార్థన చేసింది. "ప్రభువా, నా బిడ్డ ఎవరో, ఎవరి బిడ్డో ఆ స్టేజీల కాడ ఏ నోటి నుంచీ బయటికి రాకుండ కాపాడు. మా నోళ్ళకు కావలి ఉంచు" అంది. ఆమెన్ అనండి అంది. అన్నాం. ఒట్టు అయితే తీసి గట్టున పెట్టవచ్చు, ఆమెన్ అన్నాక ఎలా తీసేది?

బాపుకు మాత్రం ఈ పేర్ల గొడవ పట్టలేదు. ఆయన పట్టింపంతా దగ్గుల మీదే. ప్రోగ్రాంకు వెళ్ళే ముందు నన్ను ఎదురుగా నిలబెట్టి దగ్గించేవాడు. "హమాలీ దగ్గుకు చేతులు మీదికి లేపే ఉంచాలె బిడ్డా. చేతులు దించినవంటె అది హమాలీ దగ్గు కాదు, వట్టి జలుబు" అనేవాడు. చెప్తూ చెప్తూ నిజంగానే దగ్గు తెర ముంచుకొస్తే, చేతులు మీదికి లేపి, అదే మెడ తిప్పుడు తిప్పి, మమ్మల్ని నవ్వించబోయేవాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయేది.

నిజం చెప్పాలి, ఆ పేరు నాకు నచ్చింది. సువార్తమ్మ అయితే బావి దగ్గర నీళ్ళ కోసం కాచుకుని నిలబడాలి, చిరిగిన జాకెట్టు మీద పైట సర్దుకోవాలి, తండ్రి ఎలా ఉన్నాడని అడిగిన ప్రతివాళ్ళకూ బాగున్నాడని అబద్ధం చెప్పాలి. మంజుకు తండ్రే లేడు. ఆమె పెద్ద కోటు, తలపాగా వేసుకుని, బొగ్గు మసితో మీసం దిద్దుకుని వచ్చి దగ్గితే పెళ్ళి పందిరంతా దగ్గేది. ఊళ్ళల్లో ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఒక్కసారి సేటు దగ్గు దగ్గవా" అని బతిమాలేవాళ్ళు. పేరు మార్చుకోవడం తప్పు అని ఎవరైనా పెద్దమనిషి నాకిప్పుడు నీతి చెప్పడానికొస్తే గడప దాటనివ్వను. ఆ పేరుతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది. బాపు మందులు ఆ పేరుతోనే వచ్చాయి. నేను తప్పు చేశానని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నాకు ఉన్నది కోపమే, అది ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

ఆ రోజు రఘునాథపల్లిలో ఒక మోతుబరి రైతు ఇంట్లో పెళ్ళి. పొద్దు వాలుతున్నప్పుడు ప్రోగ్రాం మొదలైంది. అదే మధ్యాహ్నం ఎనుమాములలో బాపు బస్తా కుడుతూ కుడుతూ, దబ్బనం చేతిలో ఉండగానే మిర్చి కుప్ప మీదికి ఒరిగిపోయాడు. తోటి హమాలీలు రిక్షాలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ఆయనకు తెలివి ఉంది, మాట కూడా ఉంది. అమ్మ దానియేలును పక్కకు పిలిచి, "అక్కను తోలుకరా. ఉరుకు" అని పంపించింది. వాడప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. బస్సు దొరకబుచ్చుకుని పందిరి దగ్గరికి చేరేసరికి నేను స్టేజీ మీద ఉన్నాను, సేటు దగ్గు నడుస్తోంది.

వాడు స్టేజీ వెనక్కి వెళ్ళాడు. మాస్టారు అడ్డం పడి, నీకెవరు కావాలి అన్నాడు. వాడు నావైపు చూపించాడు. ఆమె నీకేమవుతుంది అన్నాడు మాస్టారు. అక్కడ వాడి నోరు పెగల్లేదు. అక్క అంటే ఎవరి బిడ్డవు అంటారు, యాకోబు కొడుకునంటే రేపు సంఘంలో తెలుస్తుంది, అమ్మ చేసిన ప్రార్థనకు వాడు ఆమెన్ అన్నాడు. పని ఉంది అన్నాడంతే. ప్రతి పెళ్ళిలోనూ పని ఉందంటూ స్టేజీ వెనక తచ్చాడే కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. మాస్టారు వాడిని కూడా వాళ్ళలో ఒకడనుకుని రెక్క పట్టుకుని బయటికి తోసేశాడు. ఎవరైనా అదే చేస్తారు. వాడు ముందుకొచ్చి జనంలో దూరాడు. సువార్తా అని పిలవకూడదు. మంజూ అని పిలవడానికి నోరు రాలేదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచిన వాడు కాదు. తెలిసిన పిలుపు ఒక్కటే. "అక్కా" అని అరిచాడు.

నేను ఆ పిలుపు విన్నాను. విన్నానేమో. పందిరి పందిరంతా అక్కా అనే అరుస్తోంది. అక్కా ఇంకోసారి, అక్కా హమాలీ దగ్గు, అక్కా ఒన్స్ మోర్. అన్ని గొంతుల్లో మా తమ్ముడి గొంతు కూడా ఉంది. ఎవరో ఎక్కువ ముచ్చటపడుతున్నారనుకుని ఆ వైపు తిరిగి సలాం కూడా పెట్టాను. మీసం పెట్టుకుని సలాం చేసిన నన్ను చూసి వాడు ఇంకా గట్టిగా అరిచాడట. జనం వాడిని చూసి ఇంకా నవ్వారట. నేను చేతులు మీదికి లేపి, మెడ చాచి, బాపు నేర్పినట్టే హమాలీ దగ్గు దగ్గాను. జనం వదల్లేదు. మళ్ళీ దగ్గాను. అంత బాగా నేను ఎన్నడూ దగ్గలేదు.

దిగాక కోటు విప్పుతుంటే దానియేలు వచ్చి నిలబడ్డాడు. "బాపు దవాఖానల ఉన్నడు" అన్నాడు. బస్సు లేదు, పత్తి లారీ ఒకటి ఆపి ఎక్కాం. దారంతా వాడు ఒక్కటే మాట, "పిలిచిన అక్కా. పిలిచిన. పిలిచిన". నేను పైట చెంగుతో మీసం తుడుచుకుంటూనే ఉన్నాను, అది చెంపలకంతా అంటుకుంటోంది. దవాఖాన వార్డు గుమ్మంలో ఆయా మమ్మల్ని ఆపి, "యాకోబు పిల్లలా? ఇప్పుడే బిడ్డా. జర సేపైతాంది" అంది. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "నిన్నే పిలిచిండే సువార్తా. ఆఖరిదాక నీ పేరే పిలిచిండు" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. జర సేపు అంటే ఎంత అని నేను ఆ ఆయాను అడగలేదు. ఆ జనం ఇంకోసారి అనకపోతే, నేను ఇంకోసారి దగ్గకపోతే, ఆ కాస్త సమయం మిగిలేదా అన్నది నా ఆయుష్షులో సగం తినేసింది. బాపు చేతులు మడిచి గుండెల మీద పెట్టారు. నేను మొదటిసారి ఆయన అరచేతిని తీసుకుని నా నుదుటికి పెట్టుకున్నాను. కళ్ళు మండిపోయాయి.

ఆ తర్వాత మంజు మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. భాస్కర్ మాస్టారు పాపం ఎంతో బాధపడ్డాడు, ఎన్నిసార్లు వచ్చినా నేను ఎదుటికి రాలేదు. టీచరు ట్రైనింగు చేసి బడిలో చేరాను, తర్వాత కథలు రాశాను. ఒక పత్రిక వాళ్ళు సువార్తమ్మ కన్నా మంచి కలం పేరు పెట్టుకోరాదా అని సలహా ఇస్తే, ఆ పత్రికకు మళ్ళీ కథ పంపలేదు. దానియేలు మాత్రం ఆనాటి నుంచి జనంలో గొంతెత్తి ఎవరినీ పిలవడు. బస్టాండులో భార్య ముందు నడుస్తుంటే పిలవడానికి బదులు ఉరికి వెళ్ళి భుజం తడతాడు. దుకాణంలో కొనుక్కున్న వాళ్ళెవరైనా డబ్బులు మరిచిపోయి వెళ్తే వెంట పడి నడుస్తాడే గానీ కేక వెయ్యడు. అది వాడి నెమ్మదితనం అని లోకం అనుకుంటుంది.

కెజియా అంతా వింది. ఏడుపు ఆపేసింది. ఫోను రెండుసార్లు మోగి ఆగింది. అప్పుడు అంది, "అత్తమ్మా, ఆ రోజు నిన్ను ఎవ్వరూ దొరకబట్టలేకపోయిన్రు. నన్ను అందరూ దొరకబడుతాండ్రు. నీకూ నాకూ అదే ఫరక్. నేనేం చెయ్యాలె?"

మా పోస్టర్లు మైదా జిగురుతో గోడలకు అంటించేవాళ్ళు. వాన పడితే మంజు కొట్టుకుపోయేది, లేకపోతే మేకలు తినేవి. ఇప్పుడు ఆ పేరుతో నన్ను గుర్తుపట్టే మనిషి ఈ భూమ్మీద లేడు. ఈ పిల్ల పేరు ఏ వానకూ తడవదు. ఎక్కడో ఉన్నవాడు అన్నం తింటూ, ఎడమచేత్తో ఆ పేరు నొక్కి, మా తమ్ముడి దుకాణంలోకి దూరి తిట్టి పోగలడు. మేము సంఘానికి ఒక్కదానికే భయపడ్డాం. సంఘం పెద్దలు కనీసం ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, నీళ్ళు తాగి మరీ తిట్టేవాళ్ళు. వీళ్ళ ముఖం ఎవరికి తెలుసు? సొంత పేరు పెట్టుకోమ్మా అని నేను ఏ నోటితో చెప్పాలి? మార్చుకో అని మాత్రం ఏ నోటితో చెప్పాలి? ఆ పిల్ల తల నిమిరాను. పొద్దుగూకింది. ఆమె ఫోన్ తీసి, మైరా అని కొట్టి పంపించింది. పంపించాక గట్టిగా ఊపిరి పీల్చుకుని, "డాడీకి నువ్వే చెప్పు అత్తమ్మా, నాతోటి కాదు" అంది.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. దానియేలు పూర్తిగా విన్నాడు, ఫోన్లో ఎవరేం చెప్పినా పూర్తిగా వినే మనిషి కదా. సరే అక్కా, ఉంట అన్నాడు. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను. అన్నం తిన్నాడా అని అడగడానికి కూడా ధైర్యం చాలలేదు.

శనివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. దానియేలు దుకాణం తెరవలేదు. వాకిట్లో చిన్న స్టూలు మీద వీధి వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నన్ను చూడలేదు. ఏదో గొణుగుతున్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ప్రార్థన కాదు. "మైరా" అంటున్నాడు. ఆగి, గొంతు సవరించుకుని, "మైరమ్మా" అన్నాడు. అది కుదరలేదేమో, తల అడ్డంగా ఊపి మళ్ళీ "మైరా" అన్నాడు. ప్రతిసారీ కొంచెం గట్టిగా. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఇన్నేళ్ళలో ఎవరినీ కేకేసి పిలవని మనిషి, అరవై దగ్గర పడ్డాక, కన్నకూతురి కొత్త పేరు అరవడం నేర్చుకుంటున్నాడు.

నన్ను చూసి సిగ్గుపడి లేచాడు. "ఏం లేదక్కా. సాయంత్రం అక్కడ జనం ఉంటరు గదా. ఏమన్న అయితె... నేను పిలువాలె గదా ఈసారి" అన్నాడు.

కెజియా లోపలి గదిలోనే ఉంది, సాయంత్రం చెప్పాల్సిన మాటలు తనలో తాను చెప్పుకుంటున్న గొంతు వినిపిస్తోంది. దానియేలు అటు తిరిగి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, "మైరా" అని కేకేశాడు. వీధిలో పోతున్నవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. లోపల ఆ పిల్ల తన మాటల్లో తానే ఉంది. ఆ పేరు ఇంకా తనకే అలవాటు కాలేదు, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఉంటుంది.

"పలుకుతలేదక్కా" అన్నాడు నా వైపు చూసి. మళ్ళీ తలుపు వైపు తిరిగి, ఇంకా గట్టిగా పిలిచాడు.